పోతుదూడకు తూకం మీద ధర కట్టండి

సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని గేదె పోతుదూడకు, అంటే మగదూడకు, ధర తేల్చే పద్ధతి ఇక ఆగాలి. గేదె ఈనగానే ఎవరైనా అడిగే మొదటి మాట "పెయ్యా, పోతా?" అనే కదా. పోతు అని తెలిసిన పూట నుంచే దానికి పాలు తగ్గిపోతాయి. రెండో వారానికి ఒక చన్ను కూడా సరిగ్గా దక్కదు. నెల తిరిగేసరికి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. అమ్మితే వెయ్యో రెండు వేలో చేతిలో పెడతారని తెలిసిన రైతు, లీటరు 60 రూపాయలు పలికే పాలను దానికెందుకు తాగనిస్తాడు? అందుకని రైతును తిట్టొద్దు. తప్పంతా తలకింత అని కళ్లంచనాతో ధర కట్టడంలో ఉంది. ఆ ధర వల్ల దూడలు ఆకలితో చచ్చిపోతున్నాయి.

అమెరికాలో, ఐర్లాండులో డెయిరీ వాళ్లు కొన్ని పాల ఆవులకు ఆంగస్ లాంటి మాంసపు జాతి వీర్యం ఎక్కిస్తారు. పుట్టిన సంకర దూడను పెంచేవాళ్లు చిన్న వయసులోనే కొంటారు. తండ్రి ఏ జాతి, బరువెంత, ముర్రుపాలు తాగిందా అని అడిగి ధర కడతారు. మన దగ్గర గేదె పోతుదూడను అలా అడిగేవాళ్లేరీ? దేశం నుంచి ఎగుమతయ్యే గొడ్డుమాంసం గేదె మాంసమే, ఆవు మాంసం ఎగుమతికి అనుమతే లేదు. అంటే ఈ దూడకు చివర్లో గిరాకీ ఉంది. ఆ గిరాకీ తాలూకు డబ్బు వెనక్కి ప్రయాణించి, ఈనిన ఇంటి దాకా రావడం లేదు.

సరైన ధర కావాలంటే లెక్క చివరి నుంచి మొదలుపెట్టాలి. కింది అంకెలు ఉదాహరణకే, మీ దగ్గర నడిచే రేట్లు పెట్టుకోండి. రెండు నెలల దూడ 55 కిలోలు ఉందనుకోండి. కొన్నతను 500 రోజులు పెంచి 300 కిలోలకు తెచ్చి, కిలో 120 లెక్కన అమ్మితే 36,000 వస్తుంది. పెరగాల్సింది 245 కిలోలు, రోజుకు అర కిలో లోపు. ఇది మామూలు మేపుతో సాధ్యమే. కిలో బరువు పెరగడానికి తేమ తీసేసిన లెక్కలో తొమ్మిది కిలోల మేత పట్టి, దాణా, గడ్డి కలిపి ఆ మేత సగటున కిలో పది రూపాయలు పడితే, కిలో పెరుగుదలకు 90. మొత్తం మేత 22,050. మందులు, టీకాలకు వెయ్యి. కూలి, కొట్టం కింద రోజుకు ఐదు చొప్పున 2,500. బండి కిరాయి, సంత ఖర్చు వెయ్యి. మందలో చచ్చిపోయే దూడల నష్టం ఒక్కోదాని మీద వెయ్యి పంచండి. పెంచినవాడి లాభం రెండు వేలు. అన్నీ తీసేస్తే మిగిలేది 6,450. ఆ రోజు దూడకు అతను పెట్టగలిగిన గరిష్ఠ ధర అది. కిలోకు 117.

ఇప్పుడు అమ్మేవాడి లెక్క. మొదటి మూడు వారాలు రోజుకు మూడు లీటర్లు, తర్వాత మూడు వారాలు రెండు, ఆఖరి 18 రోజులు ఒకటి. మొత్తం 123 లీటర్లు. మొదటి ఐదు రోజుల ముర్రుపాలు ఎలాగూ పాల కేంద్రానికి పోయలేం, ఆ 15 లీటర్లు తీసేయండి. మిగిలిన 108 లీటర్లు 60 చొప్పున 6,480. రెండో వారం నుంచి అలవాటు చేసిన దూడ దాణా ఒక 30 కిలోలు, 35 చొప్పున 1,050. మందులతో కలిపి దాదాపు 7,600.

చూశారా, కొనేవాడి గరిష్ఠానికీ అమ్మేవాడి ఖర్చుకూ మధ్య తేడా పదకొండు, పన్నెండు వందలే. దూడ పొదుగు గుద్దితేనే గేదె చేపుతుంది, అంటే పాలు దించుతుంది, కాబట్టి దూడ తాగిన పాలలో కొంత భాగం గేదె ఖాతాలో రాయడం న్యాయం. దూడ చచ్చిపోతే చేపుకు ఇంజక్షన్ మీద పడతాం, అదింకా పెద్ద తలనొప్పి. పెరిగిన పశువు రేటు బతికున్న బరువు మీద కిలోకు ఐదు రూపాయలు పెరిగినా ఆ తేడా పూడిపోతుంది. కాబట్టి బేరం జరగాల్సిన చోటు ఆరు వేల ఐదు వందలకూ ఏడు వేల ఐదు వందలకూ మధ్య. రెండు వేల దగ్గర మొదలుపెట్టే దళారి మాట వినకండి.

తూకం ఎలా అని అడుగుతారు. బస్తాలు తూచే కాటా ఉంటే అదే మంచిది. మనిషి దూడను ఎత్తుకుని నిలబడి, తర్వాత ఒక్కడే నిలబడి, తేడా చూస్తే సరి. కాటా లేకపోతే టేపు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసి, దాన్ని దానితోనే హెచ్చించి, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా ఉన్న పొడవుతో మళ్లీ హెచ్చించి, 660తో భాగించాలి. చుట్టుకొలత 36, పొడవు 28 అయితే 55 కిలోలు. చుట్టుకొలతలో ఒక్క అంగుళం తేడా మూడు కిలోలు మార్చేస్తుంది, కాబట్టి నేల చదునుగా ఉన్నచోట, తల తిన్నగా ఉంచి, మూడుసార్లు కొలవండి. పొద్దున పాలు తాగకముందే కొలవాలి. చిన్నదూడల్లో ఈ సూత్రం కొంచెం అటూ ఇటూ అవుతుంది. తగువు వచ్చిందంటే కాటా దగ్గరికే వెళ్లండి.

కళ్లంచనా ఎందుకు మోసం చేస్తుందంటే ఏలికపాముల వల్ల, అంటే పేగుల్లో పెరిగే పొడవాటి పురుగుల వల్ల. గేదె దూడలకు ఇవి తల్లి పాల ద్వారానే వస్తాయి. పొట్ట కుండలా ఉబ్బి, వెన్ను ఎండి, బొచ్చు రేగి ఉన్న దూడ కంటికి పెద్దగా కనిపిస్తుంది, కాటా మీద తేలిపోతుంది. పది, పధ్నాలుగు రోజుల మధ్య పశువైద్యుడు చెప్పిన మోతాదులో నట్టల మందు పడాలి, తర్వాత మళ్లీ ఆయన చెప్పినప్పుడు వేయాలి. మందు వేసిన తేదీ రాసిపెట్టుకున్న రైతు ఎక్కువ అడగడానికి హక్కుదారు.

ముర్రుపాల సంగతీ అంతే. దూడ బరువులో పదో వంతు, అంటే 30 కిలోల దూడకు మూడు లీటర్లు, మొదటి రోజే విడతలుగా పడాలి. అందులో మొదటి విడత పుట్టిన రెండు గంటల్లోపే. ఆలస్యమయ్యేకొద్దీ ఆ రక్షణను పేగు పీల్చుకోలేదు, రోజు దాటితే దాదాపు పోయినట్టే. బొడ్డుకు అయోడిన్ పెట్టకపోతే చీము పట్టి కీళ్లకు దిగే ప్రమాదం ఉంది. అందుకే కొనేటప్పుడు బొడ్డు, మోకాళ్లు తడిమి చూడాలి. వేడిగా, వాపుగా ఉంటే ధర తగ్గించి తీసుకోవడం కాదు, ఆ దూడను కొననే వద్దు. వైద్యం చేయించాకే అమ్మమని చెప్పండి. తెల్లగా పారుతున్న దూడను, కళ్లు లోపలికి పోయిన దూడను ఆ రోజు తూచొద్దు. నీరు పోయి బరువు పడిపోయి ఉంటుంది కాబట్టి రైతు నష్టపోతాడు. ప్రయాణంలో దూడ చచ్చిపోతే కొన్నవాడు నష్టపోతాడు.

కొందరు కొనేవాళ్లు రెండు నెలల దూడకు గాలికుంటు, గొంతువాపు టీకాలు వేయించలేదని ధర కోస్తారు. ఇది అన్యాయం. గాలికుంటు మొదటి టీకా నాలుగో నెలలో, గొంతువాపుది సాధారణంగా ఆరో నెలలో. అడగాల్సింది తల్లికి టీకాలు పడ్డాయా అని.

పెయ్యలే పుట్టేలా వేరుచేసిన లింగ నిర్ధారిత వీర్యం వచ్చింది కదా, ఇక పోతులే పుట్టవంటారు. అందులోనూ పదింటికి ఒకటి పోతు పుడుతుంది, పైగా చూలు నిలిచే శాతం మామూలు వీర్యం కన్నా తక్కువ. మామూలు వీర్యంతోనో, ఊరి దున్నతోనో కట్టే గేదెలకు సగం పోతులే. 11వ పంచవర్ష ప్రణాళికలో కేంద్రం మగ గేదె దూడలను కాపాడి పెంచే పథకమే పెట్టింది, అంటే ఈ నష్టం ప్రభుత్వానికీ తెలుసు. రాయితీ వచ్చినా, కొనే దగ్గర తూకం లేకపోతే ఆ డబ్బు మధ్యలోనే ఆగిపోతుంది.

అమ్మకం ఇంటి దగ్గరే పెట్టుకోండి. సంతలో పది ఊళ్ల దూడల మధ్య ఒక్క పూట కట్టేస్తే పారుడు, దగ్గు అంటుకుంటాయి, ఆకలికి బరువూ తగ్గుతుంది. చీటీ మీద పుట్టిన తేదీ, బరువు, కిలో రేటు, నట్టల మందు తేదీ, తల్లి చెవి పోగు మీది 12 అంకెలు రాయండి. పెంపకానికే అమ్ముతున్నామనీ రాయండి. సొమ్ములో పదో వంతు కొన్నవాడు రెండు వారాలు ఆపుకోవడానికి ఒప్పుకోవచ్చు, కానీ బొడ్డు రోగం, ఏలికపాములు లాంటి అమ్మినవాడి ఇంట మొదలైన జబ్బుకే అది కోత పడాలి. ఎండలో బండి మీద తీసుకెళ్లి, పాలు ఒక్కసారిగా మాన్పించి, వచ్చిన రోజే బస్తా దాణా ముందు పెట్టి దూడను పోగొట్టుకుంటే ఆ నష్టం కొన్నవాడిదే. చీటీలో ఈ మాట కూడా ముందే రాసుకోండి.