వెబ్‌లాజిక్ రెన్యువల్‌కు ముందు ఒకసారి ఇయర్ ఫైల్ విప్పి చూడండి

వెబ్‌లాజిక్ అంటే జావా అప్లికేషన్లను నడిపే ఒరాకిల్ సర్వర్. దాన్ని వదిలి ఓపెన్ సోర్స్ సర్వర్‌కు మారాలా అన్నది ఇక్కడ ప్రశ్న. ముందు ఒక లెక్క వేద్దాం. ఒరాకిల్ ధరల పట్టికలో వెబ్‌లాజిక్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ ఒక్కో ప్రాసెసర్ లైసెన్సు 25,000 డాలర్లు. ఇంటెల్ చిప్‌లైతే రెండు కోర్లను ఒక ప్రాసెసర్‌గా లెక్కగడతారు. 16 కోర్ల సర్వర్లు రెండు పెట్టుకున్నారనుకోండి, 16 లైసెన్సులు, 4 లక్షల డాలర్లు, మన డబ్బుల్లో మూడు కోట్లు దాటిపోతుంది. ఆపైన ఏటేటా 22 శాతం సపోర్టు ఫీజు, అదొక 88,000 డాలర్లు. బేరమాడితే డిస్కౌంటు దొరుకుతుంది, కాదనను. కానీ ఒక మెషీన్‌ను పలు వర్చువల్ మెషీన్లుగా విడగొట్టే వీఎంవేర్ మీద నడుపుతున్నారంటే మాత్రం మీ వర్చువల్ మెషీన్‌కు నాలుగు కోర్లే ఇచ్చామన్న మాట ఒరాకిల్ దగ్గర చెల్లదు, ఆ మెషీన్ ఏ హోస్టు (అసలు మెషీన్) మీదికైనా వెళ్లగలదు కాబట్టి క్లస్టర్‌లో ఉన్న హోస్టులన్నిటికీ కట్టమంటారు, అక్కడితో ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఇంత పోసి కొన్న సర్వర్ చేస్తున్న పనేంటి? చాలా ఆఫీసుల్లో స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌తో రాసిన ఒక అప్లికేషన్‌ను నడపడం. కొన్ని సర్వ్‌లెట్లు (వెబ్ రిక్వెస్టులకు జవాబిచ్చే కోడ్), ఒక డేటాబేస్ కనెక్షన్ పూల్, లాగిన్ కోసం ఎల్‌డాప్ (యూజర్ల వివరాలుండే డైరెక్టరీ), అంతే. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అన్నమాట.

ఇలా ఎందుకైందంటే, 1999 డిసెంబరులో జే2ఈఈ (పెద్ద కంపెనీల జావా అప్లికేషన్ల ప్రమాణం) వచ్చినప్పుడు ఈజేబీలు (వ్యాపార లాజిక్ రాసుకునే జావా భాగాలు), మెసేజింగ్, డిస్ట్రిబ్యూటెడ్ ట్రాన్సాక్షన్లు అన్నీ ఒకేచోట ఇచ్చే సర్వర్ నిజంగానే అవసరం. 2004లో స్ప్రింగ్ వచ్చాక డెవలపర్లు ఈజేబీలను మెల్లగా వదిలేశారు, కోడ్ మారింది, ఫ్రేమ్‌వర్క్ మారింది, కొనుగోలు విభాగం దగ్గరున్న కాంట్రాక్టు మాత్రం మారలేదు. ఏటా మార్చిలో ఎవరో ఒకరు సంతకం పెట్టేస్తున్నారు.

అందుకని ఏ ఓపెన్ సోర్స్ సర్వర్ మంచిది అని అడిగేవాళ్లకు నా జవాబు, ముందు మీ ఇయర్ ఫైల్ (అప్లికేషన్ మొత్తాన్ని కట్టి సర్వర్‌కు ఇచ్చే ప్యాకేజీ) విప్పండి. లోపల వెబ్‌లాజిక్ డాట్ ఎక్స్ఎంఎల్ అనే సెట్టింగుల ఫైలు ఒక్కటే ఉండి, అందులో కాంటెక్స్ట్ రూట్, క్లాస్‌లోడింగ్ సెట్టింగ్ తప్ప ఇంకేం లేవంటే మీరు ఎప్పుడో బయటపడాల్సింది. ఈజేబీల కోసం వేరే వెబ్‌లాజిక్ డిస్క్రిప్టర్ కనిపిస్తే కాస్త పని ఉంది. కోడ్‌లో వెబ్‌లాజిక్ సొంత ప్యాకేజీల ఇంపోర్టులు, టీ3 (వెబ్‌లాజిక్ సొంత ప్రోటోకాల్) అని మొదలయ్యే యూఆర్ఎల్‌లు బయటపడితే, అంటే ఇంకో సిస్టమ్ ఆ ప్రోటోకాల్ మీదే మీతో మాట్లాడుతుంటే, అసలు తిరకాసు అక్కడుంది. అవతలి సిస్టమ్ యజమానిని ఒప్పించడమే ఆ ప్రాజెక్టులో సగం పని.

మొదటి రకం వాళ్లకు తేలికపాటి ఓపెన్ సోర్స్ సర్వర్ టామ్‌క్యాట్ చాలు. జావాను తయారుచేసిన సన్ కంపెనీలో పుట్టి 1999లో అపాచీ చేతికి వచ్చిన కోడ్ అది, ఇన్నేళ్లుగా ఒక కంపెనీ చేతిలో లేకుండా నడుస్తోంది. స్ప్రింగ్ బూట్ వాడేవాళ్లకైతే అది జార్ (ఒక్క ఫైలుగా కట్టిన అప్లికేషన్) లోపలే ఉంటుంది, సర్వర్ అనే మాటే మర్చిపోవచ్చు. ఈజేబీ, సీడీఐ (కోడ్ భాగాలను కలిపే జావా ప్రమాణం) కావాలి కానీ టామ్‌క్యాట్ అలవాటు వదలం అంటే టామ్ఈఈ ఉంది.

పూర్తిస్థాయి సర్వరే కావాలంటే నా లెక్కలో మూడు పేర్లు మిగులుతాయి: వైల్డ్‌ఫ్లై, పయారా, ఓపెన్ లిబర్టీ. జేబాస్ పేరుతో మనవాళ్లకు తెలిసిందే ఇప్పుడు వైల్డ్‌ఫ్లై, 2014లో 8వ వెర్షన్‌తో ఆ పేరు మీదికి వచ్చింది. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. వైల్డ్‌ఫ్లై సుమారు మూడు నెలలకో పెద్ద వెర్షన్ వదులుతుంది, సెక్యూరిటీ లోపం బయటపడితే సవరణ కొత్త వెర్షన్‌లో వస్తుంది, మీరు రెండేళ్ల కింద పెట్టుకున్న వెర్షన్‌కు ప్యాచ్ పంపరు. పాతదాన్నే ఏళ్ల తరబడి కాపాడి ఇవ్వమంటే అది రెడ్‌హ్యాట్ అమ్మే జేబాస్ ఈఏపీ, దానికి సబ్‌స్క్రిప్షన్ కట్టాలి. ఉచితంగా కావాలంటే ఏడాదికి నాలుగుసార్లు అప్‌గ్రేడ్ చేసే ఓపిక, దాన్ని మోసే ఆటోమేటెడ్ టెస్టులు మీ దగ్గర ఉండాలి. అవి లేకుండా వైల్డ్‌ఫ్లై పెట్టుకోవడం కొరివితో తల గోక్కోవడమే.

ఓపెన్ లిబర్టీ విషయంలో మనవాళ్లు కాస్త అన్యాయం చేస్తున్నారనిపిస్తుంది. ఐబీఎం పేరు వినగానే దాని పాత సర్వర్ వెబ్‌స్ఫియర్ కన్సోల్ గుర్తొచ్చి పారిపోతారు. 2017లో ఓపెన్ సోర్స్ చేసిన ఈ సర్వర్‌కు దానితో పోలికే లేదు. కాన్ఫిగరేషన్ అంతా ఒక్క ఎక్స్ఎంఎల్ ఫైలు, అందులో మీకు కావాల్సిన ఫీచర్లు పేరు పెట్టి రాసుకుంటే అవే లోడవుతాయి. నాలుగు వారాలకో రిలీజ్ వస్తుంది, అయినా మీరు రాసుకున్న పాత సర్వ్‌లెట్ వెర్షన్ అలాగే పనిచేస్తుంది, ఎప్పుడు మారాలో మీరే నిర్ణయించుకుంటారు. అప్‌గ్రేడ్ అంటే టెన్షన్ పడే టీమ్‌కు నేనైతే ముందు దీన్నే చూపిస్తా.

ఇక ఎక్స్ఏ ట్రాన్సాక్షన్లు వాడేవాళ్లు. ఖాతాలో డెబిట్ రాయాలి, దాంతోపాటే క్యూలో మెసేజ్ పడాలి, రెండూ జరగాలి లేదా రెండూ జరగకూడదు. సర్వర్ మొదట డేటాబేస్, క్యూ ఇద్దరినీ సిద్ధమా అని అడుగుతుంది, ఇద్దరూ సరేనన్నాక కమిట్ అన్న నిర్ణయాన్ని తన డిస్క్ మీద లాగ్‌లో రాసుకుంటుంది, ఆ తర్వాతే ఇద్దరికీ చెబుతుంది. సరిగ్గా ఆ రెండింటి మధ్య మెషీన్ పడిపోతే డేటాబేస్‌లో ఆ వరుసలు లాక్‌తోనే ఉండిపోతాయి, సర్వర్ మళ్లీ లేచి తన లాగ్ చదివి పని పూర్తిచేసేదాకా అవి విడవవు. వెబ్‌లాజిక్ ఈ పని దశాబ్దాలుగా చేస్తోంది. వైల్డ్‌ఫ్లైలో నారాయణ అనే ట్రాన్సాక్షన్ మేనేజర్ ఇదే పని బాగానే చేస్తుంది, సమస్య దానిది కాదు. దాన్ని కంటైనర్లను నడిపే కుబర్నెటీస్‌లోకి తీసుకెళ్లి, తాత్కాలిక డిస్క్ ఇచ్చి, పాడ్ (అక్కడ సర్వర్ నడిచే యూనిట్) పడిపోగానే డిస్క్‌తోపాటు లాగ్ కూడా ఎగిరిపోయేలా పెట్టుకుంటారే, సమస్య అక్కడ. మర్నాడు పొద్దున డీబీఏ (డేటాబేస్ చూసుకునే మనిషి) వచ్చి పెండింగ్ ట్రాన్సాక్షన్ల పట్టిక చూసి ఇవి ఎవరివి అని అడిగితే ఎవరి దగ్గరా జవాబుండదు. పాడ్ పోయినా మిగిలే డిస్క్, అంటే పర్సిస్టెంట్ వాల్యూమ్ ఇవ్వండి, ప్రతి పాడ్‌కు అదే పేరు, అదే డిస్క్ ఉంచే స్టేట్‌ఫుల్‌సెట్‌గా నడపండి, ఆపైన లోడ్ నడుస్తుండగా ప్రాసెస్‌ను కిల్ మైనస్ 9 కమాండుతో హఠాత్తుగా చంపి చూడండి. ఈ పరీక్ష పాస్ కాని సర్వర్‌కు ఎంత మంచి పేరున్నా నాకు అక్కర్లేదు.

నిజం చెప్పాలంటే ఆ ఎక్స్ఏ కూడా చాలాచోట్ల అక్కర్లేదు. మెసేజ్‌ను నేరుగా క్యూలో వేయకుండా డెబిట్ రాసిన డేటాబేస్‌లోనే ఒక ఔట్‌బాక్స్ టేబుల్‌లో, అదే ట్రాన్సాక్షన్‌లో రాసేస్తే, వేరే ప్రాసెస్ దాన్ని తీసి క్యూలో వేస్తుంది. ఒకే మెసేజ్ రెండుసార్లు వచ్చినా అవతలివాళ్లు తట్టుకునేలా రాసుకోవాలి, అంతే. అప్పుడు మళ్లీ టామ్‌క్యాట్ సరిపోతుంది.

ఓపెన్ సోర్స్ అన్నాక వెనక ఎవరున్నారో కూడా చూడాలి. గ్లాస్‌ఫిష్ అనే సర్వర్‌ను 2005లో సన్ మొదలుపెట్టింది, సన్‌ను కొన్న ఒరాకిల్ 2013 నవంబరులో ఇక కమర్షియల్ సపోర్టు ఇవ్వబోమని చెప్పేసింది, దాన్ని నమ్ముకున్నవాళ్లు దిక్కులు చూశారు. పయారా పుట్టింది ఆ ఖాళీలోంచే. అపాచీ జెరోనిమో సంగతి ఇంకా దారుణం, ఐబీఎం వెన్ను తట్టినంత కాలం వెలిగింది, ఐబీఎం తప్పుకోగానే ఆ సర్వర్ ఆగిపోయింది. ఇప్పుడు చూస్తే రెడ్‌హ్యాట్‌ను 2019లో 34 బిలియన్ డాలర్లకు ఐబీఎం కొనేసింది, 2025లో రెడ్‌హ్యాట్ జావా మిడిల్‌వేర్ టీమ్‌లు ఐబీఎంలోకి వెళ్లాయి. అంటే జేబాస్ వాళ్లు, లిబర్టీ వాళ్లు ఒకే కప్పు కింద. రెండూ ఎల్లకాలం ఇదే జోరుతో సాగుతాయని నేనైతే పందెం కాయను. స్టాండర్డ్ ఏపీఐలు దాటి ఆ సర్వర్ సొంత ఫీచర్లకు అలవాటు పడకపోతే రేపు మారడం సులువు.

కోడ్‌లో జావాక్స్ అనే ప్యాకేజీ పేర్లు జకార్తాగా మారే గొడవ మరొకటి. ఒరాకిల్ జావా ఈఈని (జే2ఈఈ తర్వాతి పేరు) ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు ఇచ్చింది కానీ పాత ప్యాకేజీ పేరు మీద మార్పులు చేసే హక్కు ఇవ్వలేదు, దాంతో 2020 డిసెంబరులో జకార్తా ఈఈ 9లో పేర్లన్నీ మారాయి. టామ్‌క్యాట్ 9 పాత పేర్ల మీద నడుస్తుంది, 10 నుంచి కొత్తవి. స్ప్రింగ్ బూట్ 3 కూడా కొత్తవే అడుగుతుంది, పైగా జావా 17 కావాలి. ఎడిటర్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టేస్తే అయిపోతుందనుకోకండి. జావాక్స్ డాట్ ఎస్‌క్యూఎల్, జావాక్స్ డాట్ నేమింగ్, జావాక్స్ డాట్ క్రిప్టో జావా సొంత కిట్ జేడీకేలోవి, అవి మారవు, వాటినీ మార్చేస్తే బిల్డ్ నిండా ఎర్రగీతలే. కోడ్‌ను తనే మార్చిపెట్టే ఓపెన్‌రీరైట్ లాంటి టూల్‌తో చేయండి. సర్వర్ మార్పు, పేర్ల మార్పు ఒకేసారి పెట్టుకోకండి, ఏది విరిగిందో తెలియక తల బద్దలవుతుంది.

సెక్యూరిటీ మాటకొస్తే, డబ్బు కడితే భద్రం అన్నది భ్రమ. 2020 అక్టోబరులో వెబ్‌లాజిక్ కన్సోల్‌లో లాగిన్ లేకుండానే సర్వర్‌ను చేజిక్కించుకునే లోపానికి ప్యాచ్ వచ్చింది, రోజుల్లోనే దాడులు మొదలయ్యాయి. ఇటువైపు కూడా తక్కువేం కాదు, 2010లో సవరించిన జేబాస్ లోపాన్ని పట్టుకుని 2016లో శామ్‌శామ్ రాన్సమ్‌వేర్ ముఠా అమెరికా ఆసుపత్రుల మీద పడింది. ఆరేళ్లు ఎవరూ ప్యాచ్ వేయలేదు. వెండర్ ఫోన్ చేసి గుర్తుచేయడు కాబట్టి ఓపెన్ సోర్స్‌లో ఈ పనికి ఒక మనిషి పేరు రాసి పెట్టాలి.

ఆ మనిషి ఎక్కడున్నాడంటే ఇప్పటికే మీ మిడిల్‌వేర్ టీమ్‌లో ఉన్నాడు. అమీర్‌పేటలో వెబ్‌లాజిక్ అడ్మిన్ కోర్సు చేసి ఉద్యోగంలో చేరినవాళ్లు మన దగ్గర బోలెడుమంది, ఓపెన్ సోర్స్ అనగానే తమ కుర్చీ కిందికి నీళ్లొస్తాయని భయపడేది కూడా వాళ్లే. థ్రెడ్ డంప్ (ఆ క్షణాన సర్వర్ ఏం చేస్తోందో చూపే చిట్టా) చదవడం, కనెక్షన్ పూల్ లీక్ పట్టుకోవడం, హీప్ (జావా వాడే మెమరీ) ఎందుకు నిండిందో చెప్పడం ఏ సర్వర్‌లోనైనా ఒకటే పని. సపోర్టు ఫీజులో మిగిలినదాంట్లో ఒక వంతు వాళ్ల ట్రైనింగ్‌కు, జీతాలకు పెట్టండి, మిగతాది ఫైనాన్స్ వాళ్లకు చూపించుకోండి. పని మాత్రం రెన్యువల్ తేదీకి కనీసం ఏడాది ముందు మొదలుపెట్టాలి, మూడు నెలల ముందు మేల్కొంటే మీరు ఎక్కడికీ కదల్లేరని అవతల సేల్స్ మనిషికి తెలిసిపోతుంది, అప్పుడు మార్పూ జరగదు, డిస్కౌంటూ రాదు.