రోడ్డు తప్పనిసరి, దీపం ఐచ్ఛికం

ఇంగ్లండ్‌లో రోడ్డు మీద గుంత పడితే పూడ్చడం కౌన్సిల్‌కు, అంటే అక్కడి స్థానిక ప్రభుత్వానికి, తప్పదు. 1980 నాటి రహదారుల చట్టం ఆ బాధ్యతను మెడకు కట్టింది. అదే రోడ్డు మీద దీపం పెట్టడం మాత్రం కౌన్సిల్ ఇష్టం. కొన్ని కౌంటీలు ఖర్చు తగ్గించుకోవడానికి అర్ధరాత్రి దాటాక దీపాలు ఆర్పేయగలిగింది అందుకే.

బడి ముందు గుండ్రటి పలక పట్టుకుని పిల్లలను రోడ్డు దాటించే మనిషి సంగతి ఇంకా విడ్డూరం. ఆ పలక చూపితే ఎంత పెద్ద లారీ అయినా ఆగాల్సిందే. ఆ అధికారం చట్టం ఇచ్చినదే. ఆ మనిషిని నియమించి తీరాలని మాత్రం ఆ చట్టం కౌన్సిల్‌కు చెప్పలేదు. బడ్జెట్ కోతల కాలంలో ముందు గుర్తొచ్చేది అలాంటి జీతాలే.

తప్పనిసరి సేవలు, ఐచ్ఛిక సేవలు అన్న ఈ విభజన అవసరాన్ని కొలిచేది కాదని నా అభిప్రాయం. ఏది ఆపితే కోర్టుకు వెళ్లాల్సి వస్తుందో అది చెబుతుంది, అంతే. 2023 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ కౌన్సిల్ ఖర్చులకు డబ్బు చాలదని ఒప్పుకునే 114వ సెక్షన్ నోటీసు ఇచ్చి, చట్టం విధించిన సేవలకు తప్ప కొత్త ఖర్చులన్నీ నిలిపివేసినప్పుడు ఆ గీతే కత్తెరకు దారి చూపింది.

గీతకు ఇవతల, తప్పనిసరి వైపు, ఉన్నవాటికైనా పూర్తి రక్షణ ఉందా? గ్రంథాలయ సేవ ‘సమగ్రంగా, సమర్థంగా’ ఉండాలని 1964 చట్టం అంటుంది. రోజుకు ఎన్ని గంటలు తెరవాలో, ఎందరు సిబ్బంది ఉండాలో అనదు. 21 గ్రంథాలయాలను వదిలించుకోవాలన్న నార్తాంప్టన్‌షైర్ కౌన్సిల్ నిర్ణయాన్ని 2018లో హైకోర్టు కొట్టేసింది, నిజమే. కానీ జీతం తీసుకునే లైబ్రేరియన్ కుర్చీలో స్వచ్ఛంద కార్యకర్తను కూర్చోబెడితే తలుపు తెరిచే ఉంటుంది, లెక్కా సరిపోతుంది.

సిబ్బంది విషయంలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పిల్లల సేవలకు డైరెక్టర్ ఉండాలి, ఆర్థిక వ్యవహారాలకు బాధ్యుడైన అధికారి ఉండాలి. ఇవి చట్టం పేరు పెట్టి అడిగిన పదవులు. యువజన సేవల దగ్గరకు వచ్చేసరికి చట్టం గొంతు తగ్గించి ‘సాధ్యమైనంత మేరకు’ అంటుంది. సాయంత్రం యువజన కేంద్రంలో పదిహేనేళ్ల కుర్రాడితో టేబుల్ టెన్నిస్ ఆడుతూ వాడి ఇంటి గొడవ రాబట్టే ఉద్యోగి ఆ మాటల సందులోంచి జారిపోతాడు. ఆ గొడవ ముదిరి కుర్రాడికి ఇంట్లో రక్షణ లేకుండా పోతే 1989 బాలల చట్టం ప్రకారం కౌన్సిల్ రంగంలోకి దిగక తప్పదు. అప్పుడు సోషల్ వర్కర్ పోస్టు ఖాళీగా ఉంటే, ఎక్కువ రేటు ఇచ్చి ఏజెన్సీ నుంచి మనిషిని తెచ్చుకుంటారు. యువజన ఉద్యోగి పోస్టు ఖాళీ అయితే వచ్చే బడ్జెట్‌లో ఆ పోస్టే ఉండదు.