సవరణ: పాత ఫోన్లు, కాంగో గొరిల్లాలు

పాత ఫోన్లను రీసైక్లింగ్‌కు ఇస్తే అందులోని టాంటాలమ్ అనే లోహం తిరిగొస్తుందని, కాంగో అడవుల్లో గొరిల్లాలకు ఆ మేరకు ఊరట అని పోయినవారం రాశాను. అది తప్పు. పనిచేస్తున్న ఫోన్లు కూడా ఇచ్చేశామని ఇద్దరు ముగ్గురు చెప్పాక మనసు ఊరుకోలేదు.

కోల్టాన్ ఖనిజం నుంచి టాంటాలమ్ తీస్తారు, తూర్పు కాంగోలో గొరిల్లాలుండే కహూజీ-బియెగా నేషనల్ పార్కులోనూ దానికోసం తవ్వారు. ఇంతవరకూ నిజమే. కానీ అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో మెకానిక్ బోర్డు విప్పి చూపించాడు: టాంటాలమ్ కెపాసిటర్ నువ్వుగింజంత, పసుప్పచ్చగా ఉంది. బోర్డులను కొలిమిలో కరిగిస్తే బంగారం, రాగి చేతికొస్తాయి. టాంటాలమ్ మాత్రం ఆక్సైడ్‌గా మారి చిట్టెంలో, అంటే కరిగించాక మిగిలే వ్యర్థంలో, కలిసిపోతుంది.

కాబట్టి గొరిల్లాకు మేలు చేసేది ఉన్న ఫోన్‌నే ఇంకో రెండేళ్లు వాడటం. బ్యాటరీ పోతే బ్యాటరీ మార్పించండి. ఇక బాగుకాదని తేలాకే అధీకృత రీసైక్లర్‌కు ఇవ్వండి. కబాడీకి మాత్రం వద్దు, రాగి కోసం వైర్లు కాలిస్తే ఆ విషపు పొగ పీల్చేది మన బస్తీల పిల్లలే.

ఇంకోటి, పోయినవారం నేను చెప్పిన 2016 ఈ-వ్యర్థాల నిబంధనలు ఇప్పుడు లేవు. 2023 ఏప్రిల్ 1 నుంచి 2022 నాటి కొత్త నిబంధనలు అమల్లో ఉన్నాయి.