మూడు వందల స్పీడు, సిల్క్ బోర్డు సిగ్నలు

ఖరీదైన పెర్ఫార్మెన్స్ సమ్మర్ టైర్లు, అంటే వేగానికీ పట్టుకీ ప్రత్యేకంగా చేసినవి, వాడడానికి అన్ని విధాలా తగిన నగరం ఏదైనా ఉంటే అది బెంగళూరే. ఈ మాట అనగానే నవ్వేవాళ్ళున్నారు. వాళ్ళకి ఇక్కడి రోడ్లు తెలుసు గానీ వాతావరణ శాస్త్రం తెలియదు.

సమ్మర్ టైరు రబ్బరు ఉష్ణోగ్రత సుమారు ఏడు డిగ్రీల కన్నా తగ్గితే బిగుసుకుపోతుంది, రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. అందుకే జర్మనీ లాంటి చోట్ల జనం ఏడాదికి రెండుసార్లు టైర్లు మార్చుకుంటూ, వాడని నాలుగింటినీ ఎక్కడ పెట్టాలో తెలియక అవస్థ పడుతుంటారు. బెంగళూరులో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అది కూడా 1884 జనవరిలో. కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల బండికి పేటెంటు అడిగింది 1886లో. అంటే కారు అనే వస్తువు పుట్టాక ఈ ఊళ్ళో సమ్మర్ టైరుకి పనికిరాని రోజు ఒక్కటి కూడా రాలేదు. ఎండ సంగతా? 2016 ఏప్రిల్లో 39.2 డిగ్రీలు వచ్చిందని నగరమంతా గగ్గోలు పెట్టింది. విజయవాడ నుంచి వచ్చినవాళ్ళు ఆ రోజు సాయంత్రం హాయిగా వాకింగ్‌కి వెళ్ళారు.

వాతావరణం సిద్ధంగా ఉంది, టైరు సిద్ధంగా ఉంది, ఈఎంఐ ఇచ్చేవాడు సిద్ధంగా ఉన్నాడు. తక్కువైంది రోడ్డు ఒక్కటే. ఆ ఒక్క లోటు పట్టుకుని మొత్తం వ్యవహారాన్ని వెక్కిరించడం ఏం న్యాయం?

నరసరావుపేటలో పుట్టి, వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తూ, మారతహళ్ళిలో కాపురం ఉండే మనవాణ్ణి ఒకణ్ణి తీసుకుందాం. అతని కొత్త టైరు పక్కన అంకెల చివర ‘వై’ అనే అక్షరం ఉంటుంది. గంటకు 300 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుందని దానర్థం. టామ్‌టామ్ సంస్థ లెక్క ప్రకారం 2024లో బెంగళూరు నగరంలో పది కిలోమీటర్లు పోవడానికి సగటున 34 నిమిషాల 10 సెకన్లు పట్టింది. గంటకు పదిహేడున్నర కిలోమీటర్లన్నమాట. మనవాడు పోయే వేగానికీ, టైరు పోగలిగిన వేగానికీ మధ్య పదిహేడు రెట్లు తేడా ఉంది. వంతెనలు కట్టే ఇంజనీర్లు కూడా అంత జాగ్రత్త తీసుకోరు. పదిహేడు రెట్ల భద్రతతో మారతహళ్ళి బ్రిడ్జి కింద అరగంట నుంచి కదలకుండా నిలబడ్డ ఈ మనిషికి ట్రాఫిక్ శాఖ సన్మానం చేయాలి.

మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ఉంది కదా అని ఎవరో గుర్తుచేస్తారు. ఉంది. 2023 మార్చిలో తెరిచారు. అక్కడ పరిమితి వంద, అడుగడుగునా కెమెరాలు. 2024 ఆగస్టు నుంచి 130 దాటినవాళ్ళ మీద ఎఫ్ఐఆర్ రాస్తామని కర్ణాటక పోలీసులు ముందే చెప్పారు. కాబట్టి 130 నుంచి 300 దాకా ఉన్న ఆ 170 కిలోమీటర్ల వేగం లాకర్లో బంగారం లాంటిది. బయటికి తీయం, ఒంటి మీద వేసుకోం. కానీ ఉందన్న సంగతి బంధువులందరికీ తెలియాలి.

తెలియజేయడం కోసమే అపార్ట్‌మెంట్లలో బేస్‌మెంట్ పార్కింగ్ ఏర్పాటు చేశారు. కొత్త టైర్లు వేయించుకున్న మొదటి వారం మనవాడు కారు తుడిచే కుర్రాడితో సహా ఎవరినీ వదలడు. “గ్రిప్ చూడాలి బ్రో, పట్టాల మీద పోతున్నట్టుంది” అంటాడు. బెంగళూరులో నిజంగా పట్టాల మీద పోయేది మెట్రో. 2023 అక్టోబరు నుంచి అది వైట్‌ఫీల్డ్ దాకా మధ్యలో తెంపు లేకుండా పోతోంది. టైరు రబ్బరు మిశ్రమాన్ని కాంపౌండ్ అంటారు. మెట్రోవి ఉక్కు చక్రాలు, వాటి కాంపౌండ్ గురించి ఎవరూ మాట్లాడుకోరు. ‘స్టీరింగ్ ఫీడ్‌బ్యాక్’ అనేది ఇంకొకటి. రోడ్డు మీదున్న ప్రతి చిన్న గతుకూ టైరు ద్వారా చేతులకి తెలుస్తుందట. వర్తూరు రోడ్డులో పోయేవాడికి ఆ సమాచారం చేతుల ద్వారానే రానక్కర్లేదు, నడుము ద్వారా ఎప్పటినుంచో వస్తోంది.

అతని భార్య ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

“అంత పెట్టి కొన్నారు కదా, ఆఫీసుకి ఎంత ముందు చేరుతున్నారు?”

“అలా అడక్కూడదు. ఇది కాన్ఫిడెన్స్‌కి సంబంధించిన విషయం.”

ఆవిడ మళ్ళీ అడగలేదు. ఆ నెలలో ఒక పట్టుచీర కొనుక్కుంది, కాన్ఫిడెన్స్ కోసమే.

ఇప్పుడు అసలు శాస్త్రంలోకి వద్దాం. కారుతో కంపెనీ ఇచ్చిన టైరు 195/65 ఆర్15 అనుకోండి. 195 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 65 శాతం పక్కగోడ ఎత్తు, అంటే 127 మిల్లీమీటర్ల లోపు. చివరి 15 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. దాన్ని తీసేసి 225/45 ఆర్17 వేస్తారు. చక్రం మొత్తం ఎత్తు ఇంచుమించు అంతే ఉంటుంది, స్పీడోమీటర్ అబద్ధం చెప్పదు. లెక్క చాలా అందంగా కుదురుతుంది. పక్కగోడ మాత్రం 101 మిల్లీమీటర్లకి దిగుతుంది. గుంతలో పడ్డప్పుడు దెబ్బ కాచుకునే పాతిక మిల్లీమీటర్ల రబ్బరూ గాలీ పోయి, వాటి స్థానంలో మెరిసే అల్లాయ్ వస్తుంది. మలుపుల్లో టైరు పక్కకి వాలకుండా ఉండాలని చేసిన ఏర్పాటు ఇది. సర్జాపూర్ రోడ్డులో మలుపు తిరగడానికి పట్టే సమయంలో టైరు వాలి, లేచి, ఒక కునుకు కూడా తీయొచ్చు, అది వేరే విషయం.

ఇక్కడొక విశేషం ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 100 మిల్లీమీటర్లు. మనవాడి టైరు పక్కగోడ కచ్చితంగా చెప్పాలంటే 101.25. ఒకటింపావు మిల్లీమీటరు తేడాతో టైరుదే పైచేయి. అయితే కాలనీల్లో రాత్రికి రాత్రి మొలిచే స్పీడ్ బ్రేకర్లు ఆ ప్రమాణం చదువుకున్నవి కావు. ఇంకో సంగతి, ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ని గంటకు 25 కిలోమీటర్లతో దాటొచ్చు. నగరం సగటు వేగం పదిహేడున్నర. అంటే బెంగళూరులో స్పీడ్ బ్రేకర్ ఎక్కితే బండి కాస్త వేగం పుంజుకోవాలి. ఈ కోణంలో మన ప్లానింగ్ అధికారులు ఆలోచించినట్టు లేదు.

గుంత సంగతి అంత సరదాగా ఉండదు. వానకి నిండిన గుంతలో చక్రం దిగినప్పుడు రిమ్ముకీ గుంత అంచుకీ మధ్య పక్కగోడ నలుగుతుంది, లోపలి దారాలు తెగుతాయి. రెండు రోజులకి టైరు పక్కన నిమ్మకాయంత ఉబ్బు లేస్తుంది. దానికి ప్యాచ్ వేయడం కుదరదు, టైరు మార్చాల్సిందే. ఎందుకంటే ఆ ఉబ్బు ఎప్పుడు పేలుతుందో చెప్పలేం. షాపువాడు దాన్ని డాక్టర్ గారిలా వేలితో నొక్కి చూసి, “ఇంపాక్ట్ డ్యామేజ్ సార్, వారంటీ రాదు” అంటాడు. మూడు వందల వేగాన్ని తట్టుకునే వస్తువు పది కిలోమీటర్ల వేగంలో పోయింది. మనవాడికి కోపం గుంత మీద రాదు, కార్పొరేషన్ మీదా రాదు. “నెక్స్ట్ టైమ్ రీఇన్ఫోర్స్‌డ్ తీసుకుంటా అన్నా” అంటాడు. అప్పుల్లో కూరుకుపోయిన భక్తుడిలో కూడా ఇంత నిష్ఠ చూడం.

ఆ నెక్స్ట్ టైమ్ కూడా అంత తేలిక కాదు. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతి మీద ఆంక్షలు పెట్టాక, బయట తయారయ్యే సైజులు కోరుకునేవాళ్ళు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. రెండు హైదరాబాదులో దొరికితే రెండు కోయంబత్తూరులో దొరుకుతాయి. పెళ్ళి సంబంధం చూసినట్టు పుట్టినతేదీ కూడా చూసుకోవాలి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. బెంగళూరులో కార్ల సామాన్లు దొరికే జేసీ రోడ్డులో మనవాడు ఫోన్ టార్చి వేసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని ఆ అంకెలు చదవడం చూస్తే, పూర్వం శాసనాలు చదివినవాళ్ళు గుర్తొస్తారు. అక్కడే నైట్రోజన్ కూడా నింపిస్తారు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే, దానికి ఎవరూ డబ్బు అడగరు. మిగతా భాగానికీ, వాల్వు మీద పెట్టే ఆకుపచ్చ మూతకీ కలిపి బిల్లు వేస్తారు.

మెత్తటి రబ్బరు కాబట్టి త్వరగా అరుగుతుంది. అమెరికా పద్ధతిలో టైరు మీద ట్రెడ్‌వేర్ అని ఒక అంకె వేస్తారు, అది ఎంత ఎక్కువైతే అంత మన్నిక. మామూలు టూరింగ్ టైర్లకి 400, 500 ఉంటే వీటికి చాలావరకు 200, 300. ఇలాంటి రబ్బరు బాగా పట్టాలంటే కాస్త వేడెక్కాలి కూడా. ఫార్ములా వన్‌లో టైర్లకి కరెంటు దుప్పట్లు కప్పి వేడి చేస్తారు. బెంగళూరు ట్రాఫిక్‌కి పేరుమోసిన సిల్క్ బోర్డు కూడలి దగ్గర వేడెక్కేవి క్లచ్చు, ఇంజను, డ్రైవరు. టైరు మాత్రం హాయిగా చల్లగా ఉంటుంది.

అయినా మనవాడు ప్రయత్నం మానడు. ఆదివారం చీకట్లోనే లేచి నంది కొండకి బయల్దేరతాడు. 1,478 మీటర్ల ఎత్తు, చక్కటి మలుపులు. చిక్కల్లా ఏమిటంటే ఇదే ఆలోచన నగరంలో కారున్న సగం మందికి వచ్చి ఉంటుంది. కొండ కింద క్యూ. పైకి పోయే దారంతా ముందు ఒక టెంపో ట్రావెలర్, వెనక బుల్లెట్ల దండు. మొదటి గేరులో హెయిర్‌పిన్ మలుపు తిరిగి, పైన కార్న్ తింటూ “కార్నరింగ్ అదిరింది మామా” అంటాడు. ఆ టెంపో ట్రావెలర్ కూడా అదే మలుపు, అదే వేగంతో తిరిగింది. దాని డ్రైవరు ఏమీ అనలేదు.

ఇంత పొగిడాక ఒక చిన్న చిక్కు చెప్పాలి. ఈ టైర్లకి నిజంగానే ఒక ఉపయోగం ఉంది. తడి రోడ్డు మీద, హెబ్బాళ ఫ్లైఓవర్ దిగుతుండగా ముందు స్కూటర్ గబుక్కున ఆగితే, మంచి సమ్మర్ టైరు నాసిరకం టైరు కన్నా ముందు ఆగుతుంది. అరవై వేగంలో కూడా ఆ తేడా ఉంటుంది. అది ఒక మనిషి కాలు విరగడానికీ విరక్కపోవడానికీ మధ్య ఉన్న తేడా. మూడు వందలు అక్కర్లేదు, ట్రాక్ అక్కర్లేదు, మన రోడ్డు చాలు. చిత్రమేమిటంటే బేస్‌మెంట్‌లో నేను విన్న ఇన్ని ఉపన్యాసాల్లో ఒక్కడూ ఈ మాట చెప్పలేదు. ఆగడం గురించి చెబితే వినేవాళ్ళు ఆగరు కాబోలు. టైరు అరిగి గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి దిగితే మార్చాలని చట్టం చెబుతుంది. తడిలో పట్టు అంతకు చాలా ముందే తగ్గిపోతుంది. మనవాడు ఎనిమిది నెలలు పరిశోధించి కొన్న టైరుని ఆ 1.6 దాటి నున్నగా అయ్యేదాకా వాడి, ‘ఇంకా లైఫ్ ఉంది’ అంటాడు. ఫార్ములా వన్ వాళ్ళు పొడి ట్రాక్ మీద గాళ్ళు లేని టైర్లే వాడతారు కదా అని ఉదాహరణ కూడా ఇస్తాడు.

వాన మరీ పెద్దదైతే ఏ టైరైనా ఒకటే. 2022 సెప్టెంబరులో అవుటర్ రింగ్ రోడ్డు వైపు నీళ్ళు ముంచెత్తినప్పుడు ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్ల మీద ఆఫీసులకి వెళ్ళారు. వెడల్పు టైరు నీటి మీద తేలిపోయే గుణం కాస్త ఎక్కువ కాబట్టి మన పెర్ఫార్మెన్స్ కార్లు ముందే పార్కింగుల్లో తేలుతున్నాయి. వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల నిజమైన పెర్ఫార్మెన్స్ చూపించిన రబ్బరు ఆ వారం ట్రాక్టరుదే. దాని స్పీడ్ రేటింగు ఎవరూ అడగలేదు.

ఈ పరిస్థితుల్లో నగర పాలకులకి కొన్ని విన్నపాలు. రింగ్ రోడ్డులో ఎక్కడైనా మూడు వందల మీటర్లు సాపుగా, గుంత లేకుండా ఒక ముక్క కేటాయించాలి. టోకెన్ పద్ధతిలో ఒక్కొక్కరికీ నెలకి ఒకసారి చాలు. అది కుదరదంటే ప్రతి గుంత పక్కన దాని లోతు మిల్లీమీటర్లలో రాసిన బోర్డు పెట్టాలి, ఎవరి పక్కగోడతో వాళ్ళు సరిచూసుకుంటారు.

అవేవీ జరిగే లోపు సంక్రాంతి వస్తుంది. మనవాడి జీవితంలో టైరుకి అసలు పరీక్ష అదే. దేవనహళ్ళి దాటాక, బాగేపల్లి టోలు దాటాక, ఎన్‌హెచ్ 44 చాపలా పరుచుకుంటుంది. ఇంజను ఉంది, రబ్బరు ఉంది, రోడ్డు కూడా ఉంది. పక్క సీట్లో మామగారు ఉన్నారు.

“అల్లుడుగారూ, ఎనభై దాటకండి. నాకు కళ్ళు తిరుగుతాయి.”

“సరే మావయ్యా.”

తిరుగు ప్రయాణంలో మాత్రం టైరు తన ప్రతాపం చూపిస్తుంది. పక్కన ‘వై’ ముందు 91 అని ఇంకో అంకె ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఒక్కో టైరు 615 కిలోలు మోయగలదని దానర్థం. నాలుగూ కలిపితే 2,460. టైరు మీద రాసిన అంకెల్లో మనవాళ్ళు సగానికి పైగా నిజంగా వాడుకునేది ఇదొక్కటే. కారు తనంతట తాను ఎంత మోయగలదన్నది వేరే లెక్క, అది మాన్యువల్లో ఉంటుంది, మాన్యువల్ డాష్‌బోర్డు అరలో ఉంటుంది, ఆ అర నిండా అత్తగారు అరిసెలు సర్దారు. డిక్కీలో రెండు బియ్యం బస్తాలు, నువ్వుల నూనె డబ్బా, గోంగూర జాడీ, ఆవకాయ జాడీ, కొబ్బరికాయలు. కారు వెనక భాగం అల్లాయ్ మీదికి వంగి కూర్చుంది. అత్తగారు గుమ్మంలో ఇంకో బస్తా పట్టుకుని నిలబడ్డారు.

“టైర్లు మంచివేగా బాబూ, ఇది కూడా పడుతుందేమో చూడు.”

మనవాడు ఒంగి టైరు వంక చూశాడు, గర్వంగా తలూపాడు.

“ఇవి మూడు వందల దాకా తట్టుకుంటాయి అత్తయ్యా.”

“అయితే ఇంకోటి కూడా తెస్తా ఉండు.”