అమలవుతున్న అంతర్జాతీయ చట్టాన్ని ఎవరు ప్రశ్నిస్తారు?

అప్పట్లో ఇరాక్ మీద, ఇప్పుడు గాజా మీద బాంబులు పడిన ప్రతిసారీ మన వామపక్ష మిత్రుల ప్రకటనల్లో ఒకే ధోరణి కనిపిస్తుంది: అంతర్జాతీయ చట్టాన్ని కాలరాశారు, ఐక్యరాజ్యసమితి వెంటనే జోక్యం చేసుకోవాలి. ఆ ఆవేదన నాదీను. కానీ మార్క్సిస్టులమని చెప్పుకునేవాళ్ళం అక్కడితో ఆగిపోవడం నాకు మింగుడుపడదు. చట్టాన్ని ఉల్లంఘించినప్పుడు జరిగే అన్యాయం గురించి మాట్లాడినంతగా, చట్టం సజావుగా అమలైనప్పుడు జరిగే అన్యాయం గురించి మనం మాట్లాడం. 2003లో ఇరాక్‌పై దాడి చట్టవిరుద్ధమని వీధుల్లోకి వచ్చి అరిచాం. అదే ఏడాది మే 22న భద్రతా మండలి 1483వ తీర్మానంతో అమెరికా, బ్రిటన్‌లను ఆక్రమిత శక్తులుగా గుర్తించింది. సెప్టెంబరులో ఆక్రమణ యంత్రాంగం 39వ నంబరు ఉత్తర్వు జారీ చేసి, సహజ వనరుల వెలికితీత వంటి కొద్ది రంగాలు మినహా ఇరాక్ ఆర్థిక వ్యవస్థలో విదేశీ పెట్టుబడికి నూటికి నూరు శాతం యాజమాన్యాన్ని అనుమతించింది. ఆక్రమిత శక్తుల అధికారాలకు హద్దులు పెట్టే హేగ్ నిబంధనల ప్రకారం ఇది చెల్లదని కొందరు న్యాయనిపుణులు అభ్యంతరం చెప్పారు గానీ, వీధుల్లో మాత్రం దీని గురించి ఎవరూ నినాదం ఇవ్వలేదు.

చట్టం పాలకవర్గాల చేతిలో పనిముట్టు అన్నది మన పాఠాల్లో మొదటి మాట. ఆర్థిక సంబంధాలు పునాది, రాజకీయాలూ భావాలూ ఉపరితలం అని రెండు గళ్ళు గీసి, చట్టాన్ని పై గడిలో పడేసి ముందుకు వెళ్ళిపోతాం. అది తప్పని నేననను, కానీ అది జవాబివ్వని ప్రశ్న ఒకటుంది. పాలకవర్గానికి బలం ఉన్నప్పుడు నేరుగా ఆజ్ఞాపించవచ్చు కదా. ఆ ఆధిపత్యం సమానుల మధ్య హక్కులు, ఒప్పందాలు, తీర్పులు అనే రూపంలోనే ఎందుకు రావాలి? ఈ ప్రశ్న అడిగినవాడు సోవియట్ న్యాయశాస్త్రవేత్త ఎవ్‌గెనీ పషుకానిస్. 1924లో ఆయన రాసిన చట్టమూ మార్క్సిజమూ గురించిన సిద్ధాంత గ్రంథానికి పునాది, మార్క్స్ తన ‘పెట్టుబడి’ గ్రంథం మొదట్లో చేసిన సరుకు విశ్లేషణ. రెండు సరుకులు మారకం కావాలంటే వాటి యజమానులిద్దరూ ఒకరినొకరు యజమానులుగా, స్వేచ్ఛ గలవారుగా, సమానులుగా గుర్తించుకోవాలి. ఆ గుర్తింపే హక్కుదారుడు అనే చట్టపరమైన మనిషిని పుట్టిస్తుంది. కాబట్టి చట్టంలో ఉండే సమానత్వం మోసం కోసం తొడిగిన ముసుగు కాదు, అది మారకంలోంచి నిజంగానే పుట్టిన సమానత్వం. అన్యాయం ఆ సమానత్వాన్ని దాటుకుని కాక, దాని గుండానే ప్రవహిస్తుంది.

పషుకానిస్ ఆ తర్వాత అంతర్జాతీయ చట్టం మీద రాసిన చిన్న వ్యాసంలో ఇదే తర్కాన్ని రాజ్యాలకు వర్తింపజేశాడు. సార్వభౌమ రాజ్యాలు తమ భూభాగాలకు సొంతదారుల్లా ఎదురెదురుగా నిలబడతాయి; వాటి మధ్య చట్టానికి అసలు చారిత్రక సారం వలసల కోసం పెట్టుబడిదారీ రాజ్యాల పెనుగులాట. దేశం లోపల హక్కులు అమలు చేయడానికి పైన రాజ్యం ఉంటుంది, దేశాల మధ్య అలాంటిదేమీ లేదు. సమాన హక్కులు ఢీకొన్నప్పుడు బలమే తేలుస్తుందని పనిదినం గురించి రాస్తూ మార్క్స్ అన్న మాటను ఇక్కడికి తెచ్చింది, అంతర్జాతీయ చట్టం మీద 2005లో పుస్తకం రాసిన బ్రిటిష్ రచయిత చైనా మియెవిల్. ఇక పషుకానిస్ సంగతి: స్టాలిన్ కాలంలో తన సిద్ధాంతాన్ని తానే ఖండించుకోవలసి వచ్చింది, అయినా 1937లో కాల్చి చంపారు. మన భాషలో ఆయన మీద చర్చ ఇంత తక్కువగా ఉండటానికి ఈ చరిత్ర కూడా ఒక కారణమని నేననుకుంటాను.

ఇదంతా గాలిలో మేడ అనుకునేవాళ్ళు ఒకసారి మచిలీపట్నం రేవు వైపు చూడాలి. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ 1605లో అక్కడ మకాం వేసింది. మన నేతగాళ్ళ బట్టలు కొని, తూర్పు దీవులకు తీసుకెళ్ళి, మసాలా దినుసులకు మారకం వేయడం దాని వ్యాపారం. ఆ కంపెనీ మనుషులు 1603లో సింగపూర్ దగ్గర శాంతా కాతరీనా అనే పోర్చుగీసు ఓడను పట్టుకుని, అందులోని సరుకును ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేశారు. ఆ దోపిడీని సమర్థించే వాదన రాయమని కంపెనీ ఒక యువ న్యాయవాదిని అడిగింది. ఆయనే హ్యూగో గ్రోషియస్, అంతర్జాతీయ చట్టానికి పితామహుడని పాఠ్యపుస్తకాలు పరిచయం చేసే మనిషి. ఆ రచనలోని ఒక అధ్యాయమే 1609లో స్వేచ్ఛా సముద్రం పేరుతో అచ్చయింది: సముద్రం ఎవరి సొత్తూ కాదు, వ్యాపారం చేసుకునే హక్కు అందరికీ సమానం.

ఈ కథలో నన్ను బాగా కదిలించేది తర్వాతి భాగం. జాపత్రి, జాజికాయ పండే బండా దీవుల (ఇప్పటి ఇండోనేషియాలోనివి) పెద్దలతో డచ్చివారు తమకు తప్ప ఇంకెవరికీ అమ్మకూడదని ఒప్పందాలు చేసుకున్నారు. 1613లో లండన్‌లో, 1615లో హేగ్‌లో ఇంగ్లీషు ప్రతినిధులతో చర్చలు జరిగాయి. సముద్రం అందరిదీ అని మీరే రాశారు కదా, మరి మమ్మల్ని ఎందుకు అడ్డుకుంటున్నారని ఇంగ్లీషువారు అడిగారు. గ్రోషియస్ డచ్చివారి తరఫున నిలబడి, దీవుల వాళ్ళు స్వేచ్ఛగా చేసుకున్న ఒప్పందం కాబట్టి దానికి వాళ్ళు కట్టుబడాలన్నాడు. చాలామంది దీన్ని ఆయన మాట మార్చడంగా చదువుతారు. నేను అలా చదవను. స్వేచ్ఛగా అమ్ముకునే హక్కు ఉన్నవాడికే తన స్వేచ్ఛను ఒప్పందంతో అమ్ముకునే హక్కూ ఉంటుంది. రెండు వాదనలూ ఒకే తర్కానికి రెండు కొసలు. దీవుల వాళ్ళు బియ్యం, బట్టల కోసం ఇతర వర్తకులకు కూడా జాజికాయ అమ్మారు. ఒప్పందం తప్పారన్న నెపంతో 1621లో డచ్చి కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ కోన్ సైన్యంతో దిగి, ఆ దీవుల ప్రజల్లో అత్యధికుల్ని చంపి, చెరపట్టి, తరిమేసి, ఆ తోటల్లో బానిసలను దింపాడు. ఆ ప్రజల్ని చట్టం బయటికి నెట్టలేదని గమనించాలి. వాళ్ళను హక్కుదారులుగా, సమానులుగా గుర్తించిన తర్వాతే, ఆ సమానత్వం పేరుతోనే శిక్షించింది.

వలసల నుంచి బయటపడ్డ దేశాలు ఈ చట్టాన్నే తమ వైపు తిప్పుకోవాలని గట్టిగా ప్రయత్నించాయి. సహజ వనరుల మీద శాశ్వత సార్వభౌమత్వం 1962లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానమైంది. 1974 డిసెంబరులో దేశాల ఆర్థిక హక్కుల, బాధ్యతల ప్రణాళికకు 120 దేశాలు ఓటేశాయి, ఆరు దేశాలు మాత్రమే వ్యతిరేకించాయి. కానీ 1977లో, లిబియా చమురు జాతీయకరణ మీద అమెరికా చమురు కంపెనీ టెక్సాకో వేసిన కేసులో ఏకసభ్య మధ్యవర్తి రెనే జాన్ డ్యుపుయి ఆ ప్రణాళికకు కట్టుబడవలసిన చట్టవిలువ లేదని తేల్చాడు. దానికి ఆయన చూపిన ఆధారం పెట్టుబడి ఎగుమతి చేసే ప్రధాన దేశాలు దాన్ని అంగీకరించలేదన్నదే. అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ ఒప్పుకోనిదే బేరం లేదన్న మారకపు సూత్రం 120 దేశాల ఓటును అలా పక్కన పెట్టింది.

ఇప్పుడు విశాఖ మన్యానికి వస్తాను. షెడ్యూల్డ్ ప్రాంతంలో గనుల లీజు గిరిజనేతరులకు ఇవ్వడం చెల్లదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్‌ను తవ్వేది ప్రభుత్వ గనుల సంస్థ ఏపీఎండీసీ, ఖనిజం అందుకునేది ప్రైవేటు శుద్ధి కర్మాగారం అనే ఏర్పాటుతో 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యూఏఈలోని ఎమిరేట్ రస్ అల్ ఖైమాతో అవగాహన కుదుర్చుకుంది. మాకవరపాలెం దగ్గర అన్‌రాక్ కర్మాగారం లేచింది. ఆదివాసులు ఒప్పుకోలేదు, బాక్సైట్ తవ్వకానికి అనుమతిస్తూ జీవో 97 వచ్చిన 2015లో మన్యమంతా రగిలింది, బాక్సైట్ కొండ దిగలేదు. అప్పుడు రస్ అల్ ఖైమా పెట్టుబడుల సంస్థ 2013 నాటి భారత్–యూఏఈ ద్వైపాక్షిక పెట్టుబడుల ఒప్పందం కింద, నాలుగు కోట్ల డాలర్లకు పైగా పరిహారం కోరుతూ భారత ప్రభుత్వం మీద అంతర్జాతీయ ట్రిబ్యునల్‌కు వెళ్ళింది. ఎవరు గెలిచారన్నది ఇక్కడ నాకు ముఖ్యం కాదు. ఆ గదిలో పెట్టుబడిదారు ఉన్నాడు, రాజ్యం ఉంది. బాక్సైట్ ఉన్న జెర్రెల కొండల మీది మనుషులు కక్షిదారులు కారు. రాజ్యం ఆ కొండకు సొంతదారుగా నిలబడి మాట్లాడింది. మన్యంలో ఆదివాసులు ఏ రాజ్యాన్ని ఎదిరించారో, ట్రిబ్యునల్‌లో ఆదివాసుల తరఫున ఉన్నదీ ఆ రాజ్యమే.

ఇంకొకటి కూడా గమనించాలి. ఇక్కడ దావా వేసింది పాశ్చాత్య కంపెనీ కాదు, గల్ఫ్ ఎమిరేట్ ఒకటి. మూడో ప్రపంచం, సామ్రాజ్యవాదం అనే పాత విభజన ఒక్కటే చాలదని ఢిల్లీ జేఎన్‌యూలో పనిచేసిన అంతర్జాతీయ చట్ట పండితుడు బి.ఎస్. చిమ్నీ చాలాకాలంగా చెబుతున్నారు: దేశాల సరిహద్దులు దాటిన పెట్టుబడిదారీ వర్గం ఒకటి తయారైంది, అందులో మూడో ప్రపంచపు సంపన్నులూ ఉన్నారు, అంతర్జాతీయ సంస్థలు ఆ వర్గపు రాజ్యంలా పనిచేస్తున్నాయి. అయితే చిమ్నీ చట్టాన్ని వదిలేయమనరు. మియెవిల్ మాత్రం ఈ రక్తసిక్త ప్రపంచమే చట్టబద్ధ పాలన అనీ, దాని నుంచి విముక్తి ఆశించడం వృథా అనీ అంటాడు. విశ్లేషణలో నాకు మియెవిల్ దగ్గర; ఆచరణలో చిమ్నీ దగ్గర. సమతా తీర్పు లేకపోతే మన్యం ఎప్పుడో తవ్వకాల పాలయ్యేది. పాలస్తీనా ఆక్రమణ చట్టవిరుద్ధమని 2024 జులై 19న అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పిన అభిప్రాయం బాంబులను ఆపలేకపోయింది, అయినా ఆ అభిప్రాయాన్ని చేతిలో పట్టుకుని ఆయుధాల సరఫరాను ఆపమని అడుగుతున్న ఉద్యమకారులను తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు.

చట్టం సరుకుల మారకంలోంచి పుట్టిందనే పషుకానిస్ సిద్ధాంతంలో నాకు కనిపించే అసలు లోటు వేరే. అది మారకం దగ్గర మొదలై మారకం దగ్గరే తచ్చాడుతుంది. ఉత్పత్తిలోకి, శ్రమలోకి తగినంతగా దిగదు. అదే యూఏఈకి జగిత్యాల నుంచి, నిజామాబాద్ నుంచి వేలమంది కూలికి వెళతారు. కరోనా వచ్చిన 2020లో ఎందరో నెలల జీతం అందకుండానే విమానం ఎక్కి వచ్చేశారు. వాళ్ళు పోయిన జీతం కోసం ఆ ప్రభుత్వం మీద దావా వేయగల అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఏదీ లేదు. వలస కార్మికుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 1990లో ఆమోదించిన ఒడంబడికలో భారత్ లేదు, యూఏఈ లేదు. పెట్టుబడికి మాత్రం 2024 ఫిబ్రవరిలో భారత్, యూఏఈల మధ్య కొత్త ఒప్పందం కుదిరింది, ఆగస్టు 31 నుంచి అమల్లోకి వచ్చింది. ట్రిబ్యునల్‌కు వెళ్ళే ముందు పెట్టుబడిదారు ఐదేళ్ళు స్థానిక కోర్టుల్లో ప్రయత్నించాలని భారత్ తన నమూనా ఒప్పందంలో పెట్టుకున్న గడువును ఇందులో మూడేళ్ళకు తగ్గించింది. షేర్లు, బాండ్ల వంటి పెట్టుబడులకూ రక్షణ విస్తరించింది. ఇలాంటి ఒప్పందాలకు మన దేశంలో పార్లమెంటు ఆమోదం అవసరం లేదు, కార్యనిర్వాహక వర్గం సంతకం చాలు.

కాబట్టి మన పార్టీలను, సంఘాలను నేను అడిగేది ఇది. ఖండన ప్రకటనలు ఇవ్వండి, తప్పక ఇవ్వండి. వాటితో పాటు ఈ పెట్టుబడుల ఒప్పందాన్ని తెలుగులోకి తెచ్చి చింతపల్లిలోనూ, జగిత్యాలలోనూ చదివించండి. పెట్టుబడిదారుకు దొరికిన దావా హక్కు కార్మికుడికీ, ఐదో షెడ్యూల్ గ్రామసభకూ ఎందుకు లేదని పార్లమెంటులో అడగండి. ఆ హక్కు అడిగితే ఇస్తారని నేననుకోవడం లేదు. ఎందుకు ఇవ్వలేరో ప్రభుత్వం చేతే చెప్పించడం మాత్రం మన చేతిలో ఉన్న పని.