ఎమిసిజుమాబ్ గురించి ఒక సవరణ

ఎమిసిజుమాబ్ ఇంజెక్షన్‌తో హీమోఫీలియా-ఏ (రక్తం సరిగా గడ్డకట్టని వ్యాధి) పూర్తిగా నయమవుతుందన్న అర్థం వచ్చేలా నేను చదివిన ఒక వ్యాసంలో ఒక వాక్యం ఉంది. గుంటూరులో ఈ వ్యాధితోనే పెరుగుతున్న మా అక్క కొడుకును పసితనం నుంచి చూస్తున్నవాణ్ణి కనుక దాన్ని సవరించాలనిపించింది.

ఫ్యాక్టర్లంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్రోటీన్లు. రక్తం గడ్డకట్టేటప్పుడు ఫ్యాక్టర్ 9ని, ఫ్యాక్టర్ 10ని దగ్గరకు చేర్చవలసింది ఫ్యాక్టర్ 8. అది లోపించినవారిలో ఆ వంతెన పనిని ఈ మందు చేస్తుంది, అంతే. లోపం మాత్రం అలాగే ఉంటుంది. ఫ్యాక్టర్ 8నే నరంలోకి ఎక్కిస్తే సుమారు 12 గంటల్లో సగం తరిగిపోతుంది కాబట్టి రక్తస్రావం రాకుండా చూసుకోవాలంటే వారానికి రెండు మూడు సార్లు సూది తప్పదు (పసివాడి చేతిలో నరం దొరక్క నర్సు వెతుకుతుంటే పక్కన నిలబడటం ఎలా ఉంటుందో చెప్పలేను). ఎమిసిజుమాబ్‌ను చర్మం కిందే ఇస్తారు. మొదటి నాలుగు వారాల తర్వాత, వైద్యులు నిర్ణయించిన మోతాదును బట్టి, నెలకొకసారి ఇచ్చినా సరిపోవచ్చు. ఫ్యాక్టర్ 8కు వ్యతిరేకంగా ఇన్హిబిటర్లు (దాన్ని పనిచేయనివ్వని యాంటీబాడీలు) తయారైనవారికీ ఇది పనిచేయడం పెద్ద మేలు.

అయితే పెద్ద దెబ్బ తగిలినా, శస్త్రచికిత్స జరిగినా ఫ్యాక్టర్ మళ్లీ అవసరం కావచ్చు. పైగా ఈ మందు వాడేవారిలో ఏపీటీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే) పరీక్ష ఫలితం నమ్మదగినది కాదు; లోపం ఉన్నా మామూలుగానే చూపుతుంది. అందువల్ల ఏ ఆసుపత్రికి వెళ్లినా మందు పేరు ముందే చెప్పాలి.

శాశ్వత పరిష్కారం వైపు వెళ్తున్నది జన్యు చికిత్స. వేలూరు సీఎంసీలో ఐదుగురికి చేసిన ప్రయోగ ఫలితాలు 2024లో వెలువడ్డాయి.