ఆ మాట ఆ పాప నోట్లో ఎవరు పెట్టారు?

నిన్న సాయంత్రం అనంతపురంలో మా అక్క వాళ్లింటికి పోయొచ్చాను. కోపం ఇంకా తగ్గలేదు. అందుకే రాస్తున్నా.

మా అక్క కూతురు కాఫీ తెచ్చింది. గ్లాసులు ఇంకా చేతికి ఇవ్వనేలేదు, "బాగుండదేమో చిన్నమ్మా, నాకు సరిగ్గా రాదు" అంది. ఎవరూ ఒక్క గుటక కూడా వేయలేదు అప్పటికి. కాఫీ చిక్కగా, చక్కెర సరిపడా, చాలా బాగుంది. ఆ మాట నేను అనేలోపే సోఫాలో కూర్చున్న వాళ్ల పెద్దత్త అందుకుంది: "దీనికి మొదట్నుంచీ అంతేలేమ్మా, ఏ పనీ తేలదు. ఆ బెంగుళూరు ఇంటర్వ్యూ కూడా అట్లే పోగొట్టుకుంది." పాప ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. నవ్వి, తలూపి, "అవునత్తా, నేను వేస్ట్" అంది.

ఆ తలూపడం దగ్గరే నాకు ఒళ్లు మండింది.

బీటెక్ ఫస్ట్ క్లాసులో పాసైన పిల్ల. కరోనా అప్పుడు వాళ్ల నాన్న మంచం పడితే అంగడి లెక్కలన్నీ ఒంటిచేత్తో చూసిన పిల్ల. వేస్టంట.

ఆ మాట తను సొంతంగా పుట్టించుకున్నది కాదు. చిన్నప్పుడు రంగు గురించి ఒకరు అన్నారు. పదో తరగతిలో పక్కింటి అబ్బాయి మార్కులు తెచ్చి ముందర పెట్టారు. ఇంటర్‌లో ఓ రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు, పేరు చెప్పను, మీ పిల్లలు చదివింది కూడా అట్లాంటిదే. వారం పరీక్షలో మార్కులు తగ్గితే పుస్తకాలు సర్దుకుని అందరూ చూస్తుండగా కింది సెక్షన్‌కు పోయి కూర్చోవాలి. పదహారేళ్ల పిల్లలు. ఇంటికి ఫోన్ చేసి ఏడిస్తే "ఫీజు కట్టినాం, చదువు" అంటారు. ఇన్నేళ్లు ఇంతమంది అన్న మాటలు లోపలికి పోయి, ఇప్పుడు తన గొంతుతోనే వినబడుతున్నాయి. మళ్లీ మనమే అడుగుతాం, ఈ పాపకు కాన్ఫిడెన్స్ ఎందుకు లేదని!

దానికి మందు కూడా అందరి దగ్గరా రెడీగా ఉంటుంది. "పాజిటివ్‌గా ఆలోచించు." పొద్దున్నే వాట్సాప్‌లో పూల బొమ్మ మీద అదే మాట. అద్దం ముందు నిలబడి "నేను గొప్పదాన్ని" అనుకోవాలంట. 2009లో కెనడాలో జోవన్ వుడ్ అనే సైకాలజిస్టు, ఆమె తోటివాళ్లు దీన్ని పరీక్షించి చూశారు. తమ మీద తమకు నమ్మకం తక్కువున్న వాళ్లకు అట్లాంటి మాటలు పదేపదే అనిపిస్తే మనసు ఇంకా దిగజారిందని తేలింది. దిగజారదా మరి? లోపల ఒకటి కూర్చుని "అబద్ధం, అబద్ధం" అంటుంటే పైన ఎన్ని పూలు చల్లినా ఏం లాభం?

రాత్రి పాపను మేడ మీదికి తీసుకుపోయి ఒక నోటుబుక్కు ఇచ్చాను. ఇది నా సొంత తెలివి కాదు. అమెరికాలో ఆరోన్ బెక్ అనే మానసిక వైద్యుడు 1960లలో మొదలుపెట్టిన పద్ధతి. డిప్రెషన్‌తో వచ్చినవాళ్ల మనసులో తమ గురించి తామే అనుకునే మాటలు వాటంతట అవే గబగబా వచ్చిపోతుంటాయని, వాటిని వాళ్లు నిజమనే నమ్మేస్తున్నారని ఆయన గమనించాడు. ఆ మాటను పట్టుకుని కాగితం మీద పెట్టాలి. దాన్ని నిజమనడానికి సాక్ష్యం ఏముంది, కాదనడానికి ఏముంది అని అడగాలి.

పాప ఒకవైపు "నేను వేస్ట్" అని రాసింది. రెండోవైపు ఆ బెంగుళూరు ఇంటర్వ్యూలో ఏం జరిగిందో రాయమన్నాను. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత రాసింది: మొదటి రెండు రౌండ్లు దాటాను. మూడో రౌండులో నా మాట విని ఆయన నవ్వాడు. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ నవ్వాడు. తర్వాత నాకు ఏమీ గుర్తు రాలేదు.

ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరూ అడగలేదు ఈ సంగతి! పాప మాట్లాడింది మన యాస. ఇంటర్వ్యూ చేసినాయన కూడా తెలుగాయనేనంట, వేరే జిల్లా.

ఇక్కడ నా పాత మంట ఒకటి ఉంది, చెప్పకుండా ఉండలేను. నేను హైదరాబాద్ హాస్టల్లో ఉన్నప్పుడు మాది అనంతపురం అనగానే "మీ ఇంట్లో బాంబులుంటాయా" అని అడిగేవాళ్లు. సినిమాల్లో మన యాస మాట్లాడితే చేతిలో వేటకొడవలి ఉండాలి, లేదంటే జనం నవ్వుకోవడానికి ఉండాలి. డాక్టరు, టీచరమ్మ, హీరోయిన్ మన యాసలో మాట్లాడేది మాత్రం అరుదు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కర్నూలు. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక మన సీమలోది. బ్రౌన్ దొర కడపలో పండితులను కూర్చోబెట్టి తెలుగు కావ్యాలకు ప్రతులు రాయించాడు, ఆయన బంగళా ఉన్నచోటే ఇప్పుడు గ్రంథాలయం ఉంది. అట్లాంటి నేల మీద పుట్టిన పిల్ల తన తెలుగు తానే మాట్లాడినందుకు సిగ్గుపడాలా? ఇంట్లో మనమే "అట్లా మాట్లాడకు, నలుగురిలో బాగుండదు" అని నేర్పిస్తున్నాం కదా, ఆ సిగ్గు అక్కడే మొదలవుతోంది.

వాన రాక చెనక్కాయ పంట ఎండిపోతే మన జిల్లాలో ఎవరైనా రైతును చూసి "నీకు సేద్యం రాదు" అంటారా? వాన రాలేదంటాం, మళ్లీ విత్తనాలు తెచ్చుకోమంటాం. పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఆ న్యాయం ఎక్కడికి పోతుంది?

నోటుబుక్కులో ఇంకో పేజీలో, తన ఫ్రెండుకు ఇట్లా జరిగి ఉంటే ఏం చెబుతుందో రాయమన్నాను. టకటకా అర పేజీ రాసింది. "వాడికి మర్యాద లేదు, నీ తప్పేముంది, రెండు రౌండ్లు దాటడం తక్కువా" అని. అంత బాగా మాట్లాడగలదు పాప! తనకు తాను మాత్రం అందులో ఒక్క ముక్క చెప్పుకోలేదు ఇన్నాళ్లూ. ఆ పేజీలో ఫ్రెండు పేరు కొట్టేసి తన పేరు రాసుకుని పైకి చదవమన్నాను. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ సైకాలజిస్టు ఈథన్ క్రాస్, ఆయన తోటివాళ్లు 2014లో చెప్పిందీ ఇలాంటిదే. 'నేను' అనకుండా తన పేరుతో తనను పిలుచుకుని మాట్లాడుకుంటే టెన్షన్ కాస్త తగ్గుతుందని. పాప మొదట సిగ్గుపడి సగంలో ఆపేసింది, తర్వాత చదివింది. ఒక్క రాత్రిలో అంతా మారిపోదని నాకు తెలుసు. రోజూ రాయాలి.

ఇంకొకటి. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, దేని మీదా మనసు లేకపోవడం వారాల తరబడి ఉంటే నోటుబుక్కు చాలదు, డాక్టరు కావాలి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్, నంబరు 14416. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలని ఉందని పిల్లలు ఒక్కసారి అన్నా, నవ్వుతూ అన్నా, వారాలు చూడొద్దు, వెంటనే తీసుకుపోండి. "పిచ్చోళ్ల డాక్టరు దగ్గరికి పోతారా" అనే నోళ్లను ముందు మూయించండి.

మా బంధువుల్లో ఎవరెవరు ఇది చదువుతారో నాకు తెలుసు. పెద్దత్తకు కూడా ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. వినిపించండి. కోపం వస్తే నాకు ఫోన్ చేయండి, ఎంతసేపైనా మాట్లాడతా. పాపకు మాత్రం చేయొద్దు, వచ్చే వారం తనకు ఇంకో ఇంటర్వ్యూ ఉంది.